నేత్రపరిశోధనకు తొలిధనము

కంటి రెటీనాను గూర్చి పరిశోధింపదలచిన యువవైద్యునకు మన దేశమున మొదట నెదురగు నడ్డంకి విద్య కాదు, ఉపకరణము కాదు, దరఖాస్తు. ధనమిచ్చు పెద్ద సంస్థలు ముందుగా ప్రాథమిక ఫలితములను జతపరుపుమందురు. ధనము లేనిదే ఫలితము రాదు. ఫలితము లేనిదే ధనము రాదు. పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లి యైనగాని పిచ్చి కుదురదు అన్న సామెత యిచ్చట నక్షరాల నిజమగుచున్నది. ఈ ముడిని విప్పుటకే పైలట్ గ్రాంటు అను పద్ధతి యేర్పడినది. అది యొకటి రెండేండ్లకు సరిపడు చిన్న మొత్తము. అది యడుగునది ఫలితమును కాదు, మంచి ప్రశ్నను.

కోర్టు రుసుము చెల్లింపలేనివాడు దావా వేయనే కూడదని 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడైనను చెప్పలేదు. పరప్రభుత్వము చేసిన యా శాసనమే 33వ ఆర్డరున పాపరు దావాకు దారి చూపినది. కక్షిదారునకు గల యీ సౌకర్యము శాస్త్రజ్ఞునకు లేకుండుట వింత.

శుక్లపు శిబిరములు చాలవా యని కొందఱందురు. శిబిరములు నడువవలసినవే. కాని 1998లో ప్రకటితమైన హైదరాబాదు నగరపు సర్వేలో అంధత్వమునకు శుక్లము నూటికి ఇంచుమించు 30 పాళ్లు కారణము కాగా, రెటీనా వ్యాధులు 17 పాళ్లతో రెండవ స్థానమున నిలిచినవి. శుక్లమును తీసి చూపు నీయవచ్చును. చెడిన రెటీనాను తీసి వేఱొకటి యమర్చు శస్త్రచికిత్స నేటికిని లేదు.

పరదేశ శాస్త్రమును దిగుమతి చేసికొన్న చాలదా యనువారికి మన జంటనగరములే సమాధానము. నెలలు నిండక పుట్టిన శిశువుల రెటీనాలో రక్తనాళములు పూర్తిగా పెరిగియుండవు. అవి వక్రించి పెరిగినయెడల రెటీనా ఊడి, బిడ్డ యావజ్జీవము గ్రుడ్డి యగును. సకాలమున లేజరు చికిత్స జరిగిన పెక్కండ్రకు చూపు దక్కును. ఆ గడువు దినములలో లెక్కింపవలసినది. ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టరు సుభద్రా జలాలీ మొదలగువారు 1997-98 నుండి హైదరాబాదు, సికిందరాబాదుల నవజాతశిశువుల వార్డులకే పోయి యీ పరీక్ష మొదలిడిరి. అమెరికా నియమము ప్రధానముగా 1500 గ్రాములకు లోబడిన శిశువులను పరీక్షింపుమనును. ఇచ్చటనో, అంతకంటె బరువైన బిడ్డలలో సైతము తీవ్రవ్యాధి కనబడెను. ఆ నియమమునే నమ్మినచో వీరు తప్పిపోవుదురని 2006లో వారు ప్రకటించిరి. నేడు మన దేశమున 2000 గ్రాములకు లోబడినవారిని, 34 వారములు నిండనివారిని పరీక్షింపవలెనను నియమమున్నది. పరదేశపు తక్కెడ మన బిడ్డకు సరిపడలేదు. ఆ 500 గ్రాముల నడుమ నున్న కన్నులను కాపాడినది స్వదేశ పరిశోధన.

చిన్న సొమ్ముతో నేమగునని చప్పరించువారు బేగంపేట వఱకు పోయి రావలెను. 1897 ఆగస్టు 20న రొనాల్డు రాసు దోమ కడుపున మలేరియా బీజమును కనుగొన్న దచ్చటనే. తన్ను కుట్టిన దోమకొక యణా చొప్పున హుసేను ఖానను రోగికి రాసు చెల్లించెనట! కొలదివారములకే ప్రభుత్వ మాతనిని రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేయగా పని నిలిచిపోయెను. అణాలు సాధించినదానిని ఒక్క ఉత్తరువు ఆపివైచినది.

2023 చట్టముచే నేర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు అయిదేండ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూర్తుమని ప్రకటించిరి. అందు నధికభాగము ప్రభుత్వేతరులనుండి రావలెనట. ఆ ప్రభుత్వేతరులెవరు? మనము కామా?

సైనిక్‌పురి విశ్రాంత సైనికులకై వెలసిన కాలనీ. వయసు మీఱినవారు, మధుమేహముగలవారు ఇచ్చట తక్కువ కాదు. ఆ వ్యాధి రెటీనాను నిశ్శబ్దముగ తినివేయును. కాలనీ సంఘములన్నియు కలిసి యేటికి 5 లక్షల నిధి నేర్పఱుపవలెనని మా ప్రతిపాదన. జూనియరు రిసెర్చి ఫెలోకు 2023 నుండి నెలకు 37,000 రూపాయలు. ఇంటియద్దె భత్యము గాక యేటికి 4,44,000. అనగా మన నిధి యొక పరిశోధకుని నొక యేడు నిలుపగలదు. దరఖాస్తు రెండు పుటలకు మించరాదు. 90 దినములలో తీర్పు చెప్పవలెను. నిరాకరించినచో కారణము వ్రాసి యీయవలెను. నైతిక సమితి యనుమతి లేనిదే రూపాయి విడువరాదు. విఫలమైన ప్రయత్నమును గూడ ప్రకటింపవలెను. లేనిచో మఱియొకడు మరల నదే గోతిలో పడును. దాతల బంధువులకు మాత్ర మీ గ్రాంటు నిషిద్ధము.

రాబోవు సర్వసభ్య సమావేశమున నీ తీర్మానమును ప్రవేశపెట్టుదుము. ఎదురు చెప్పువారు తమ వాదమును లిఖితపూర్వకముగా ముందే పంపిన, దానిని సభలో చదివి వినిపింతుము.