కూలుతుందని తెలిసిన కోట

కథాంతం ముందే తెలిస్తే నాటకంలో ఉత్కంఠ ఎక్కడిదని కొందరు మిత్రుల వాదం. మా చీపురుపల్లి వారికి ఈ మాట వింతగా తోస్తుంది. మాకు ఒక దిక్కున విజయనగరం, ఒక దిక్కున రాజాం, మరో దిక్కున బొబ్బిలి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలిందని ఇక్కడ బడిపిల్లలకు సైతం తెలుసు. అయినా బుర్రకథవారు ఆ కథ ఎత్తుకొంటే ముగిసేదాకా ఎవరూ చాప చుట్టరు.

ఏమి జరుగుతుందో తెలియనప్పుడు కలిగేది కుతూహలం. మనకు తెలిసి, రంగం మీది పాత్రకు తెలియనప్పుడు కలిగేదే ఉత్కంఠ. విషాద నాటకానికి కావలసింది ఈ రెండవది. భావికథాసూచన దానికే పుట్టింది.

మన లాక్షణికులు దీనిని ఎరగనివారు కారు. ఒక సంగతి మాట్లాడుతూ ఉండగా రాబోయే వేరొక సంగతి స్ఫురించడాన్ని పతాకాస్థానకమన్నారు. భట్టనారాయణుని వేణీసంహారంలో రెండవ అంకం చూడండి. దుర్యోధనుడు భార్యతో సరసమాడుతూ తన తొడల ప్రస్తావన తెస్తాడు. సరిగ్గా అప్పుడే కంచుకి ‘విరిగింది’ అంటూ ప్రవేశిస్తాడు. ఎవరివల్ల అంటే భీమునివల్ల అన్నట్టు వినిపిస్తుంది. తీరా విచారిస్తే భీమమైన గాలికి రథం మీది జెండా విరిగిందట! ఆయనకది జెండా సంగతే. మనకు మాత్రం గదాయుద్ధం కళ్ళకు కడుతుంది.

అదే అంకంలో భానుమతికి ఒక కల వస్తుంది. ముంగిస నూరు పాములను చంపినట్టు. పండితులు దీనినీ మెచ్చుకొంటారు గాని, నాకు కంచుకి మాటే మిన్నగా తోస్తుంది. కల పాత్రను కూడా హెచ్చరిస్తుంది, శాంతి పూజలకు పురికొల్పుతుంది. అంతటితో బిగి కొంత సడలుతుంది.

భవభూతి ఇంకా సున్నితంగా నడిపాడు. ఉత్తరరామచరితం మొదటి అంకంలో సీత అడవులు మళ్ళీ చూడాలని ముచ్చటపడుతుంది. రాముడు రథం సిద్ధం చేయమంటాడు. ఆ ప్రేమతో తెప్పించిన రథమే ఆమెను పరిత్యాగానికి తీసుకుపోతుంది. నాటకం మంగళాంతం కదా అని ఆక్షేపించేవారుంటారు. ఉండనీయండి, ఆ అంకం వరకు అది శుద్ధ విషాదమే.

ఇక మన బొబ్బిలి. వేదం వెంకటరాయశాస్త్రి, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి వంటి ఉద్దండులు దీనిని నాటకం చేశారు. నా ఫిర్యాదు వారిపై కాదు, ఇప్పటికీ ఈ కథ ఆడించే ఔత్సాహికులపై. తెర లేచింది మొదలు పిల్లి ఎదురు రావడం, గుడ్లగూబ కూయడం, దీపం ఆరిపోవడం! మూడవ శకునానికి జనం నవ్వుతారు.

ఈ కథలో అసలైన సూచన పిట్టల్లో లేదు, దూరంలో ఉంది. తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. కోట కూలేదాకా రాలేకపోయాడు. మొదటి అంకంలో రంగారావు చేత, ఏ వేట ముచ్చటలోనో, ‘రాజాం ఎంత దూరం గనుక, కబురంపితే చాలదూ’ అని నవ్వుతూ అనిపిస్తే చాలును. ఆ తరువాత బుస్సీ ఫిరంగి పేలిన ప్రతిసారీ ప్రేక్షకుడు తనంత తానే రాజాం దారి వైపు చూస్తాడు.