అతుకుల బొంత

తెలుగునాట చలికాలం చిన్నది. కార్తీకం దాటాక మొదలై శివరాత్రికి సర్దుకుంటుంది. కోస్తా పట్టణాల్లో రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 15 డిగ్రీల కిందికి దిగదు. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు 10 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆదిలాబాద్ ప్రాంతంలోనూ, అరకు, లంబసింగి కొండల్లోనూ మాత్రం 10 డిగ్రీల లోపుకు పడిపోవడం ఏటా ఉన్నదే. అక్కడ కూడా పూర్వం ఏ ఇంట్లోనూ చలి వచ్చాక బజారుకు పరుగెత్తేవారు కాదు. ఏడాది పొడుగునా కట్టి విడిచిన బట్టలతో ఎండాకాలంలోనే చలికి కప్పు కుట్టి పెట్టుకునేవారు. దాని పేరు బొంత.

అతుకుల బొంత అనే మాటను ఇప్పుడు ఎక్కువగా పొత్తు ప్రభుత్వాలను తీసిపారేయడానికి వాడుతున్నారు. అసలు బొంతకు ఆ నింద తగదు. అది ఎంతో ఆలోచనతో చేసే వస్తువు, ఇంటి ఆడవాళ్ల చేతుల్లో తరతరాలుగా బతికిన పనితనం.

బట్టలు ఏరడంతోనే సగం పని అవుతుంది. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు, పంచెలు, లుంగీలు ముందుగా ఉతికి, గంజి పెట్టకుండా ఆరేస్తారు. ఆరిన చీరను వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే ఎక్కడ పల్చబడిందో, ఎక్కడ చీకిపోయిందో తెలిసిపోతుంది. గట్టిగా ఉన్నవి పైకీ అడుగుకీ, పల్చబడినవి నడుమకు, పూర్తిగా చీకినవి మసిగుడ్డలకు పోతాయి. ఆరు గజాల చీరను సగానికి కోసి, ఆ రెండు ముక్కలనూ పక్కపక్కన చేర్చి కుడితే తొమ్మిది అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు వస్తుంది. ఇద్దరు ముగ్గురు కప్పుకునే బొంతకు అది ఒక పొర. అలాంటివి నాలుగైదు పొరలు కావాలి.

నేల మీద చాపలు వేసి, అడుగు చీరను ముడత లేకుండా పరిచి, మూలల్లో బరువులు పెడతారు. నడిమి పొరల్లో చిరిగిన చోట మరో ముక్క వచ్చేలా పేరుస్తారు. ఎక్కడా గుంట గానీ ఎత్తు గానీ ఉండకూడదు. పొరలు జారకుండా ముందు పెద్ద పెద్ద టాకాలు వేసి, ఆ తర్వాత అంచు నుంచి లోపలికి, చుట్టూ తిరుగుతూ కుట్టుకుంటూ పోతారు. సూదిని ముంచి తీస్తూ నాలుగైదు కుట్లు ఒకేసారి ఎక్కించి దారం లాగుతారు. కుట్టేవాళ్లు బొంత మీదే కూర్చుంటారు, వాళ్ల బరువే బట్టను బిగువుగా పట్టి ఉంచుతుంది. దారం మరీ బిగిస్తే బట్ట ముడుచుకుంటుంది, వదులైతే కాలి వేళ్లకు తగులుకుని తెగుతుంది. ఆ బిగువు చేతికి అలవాటు కావాలంటే ఒకటి రెండు బొంతలు కుట్టాల్సిందే.

వెచ్చదనం బట్ట లావులో కంటే పొరల మధ్య చిక్కుకున్న గాలిలో ఎక్కువ ఉంటుంది. కదలని గాలి వేడిని సులువుగా బయటికి పోనివ్వదు. దగ్గర దగ్గరగా వేసిన కుట్లు పొరల నడుమ ఆ గాలిని చిన్న చిన్న అరలుగా బంధిస్తాయి. అందుకే ఒకే మందపాటి దుప్పటి కంటే పల్చటి నాలుగు పొరలు బాగా కాపాడతాయి. ఒంటి మీది బట్టలకూ ఇదే వర్తిస్తుంది. కొత్త జాకెట్ లేకపోయినా, బనియను మీద చొక్కా, దాని మీద పాత స్వెటర్, చెవులకు మఫ్లర్ ఉంటే హైదరాబాద్ చలి గడిచిపోతుంది. బొంత చెమ్మగిల్లితే పొరలు అణిగిపోయి గాలి తగ్గుతుంది. వారానికోసారి దానిని ఎండలో వేయడంలో శుభ్రత ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా ఉంది.

బొంత తెలుగువారికే సొంతం కాదు. బెంగాల్‌లో కాంథా, మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ మహిళలు కుట్టే కవాండి, జపాన్ పల్లెల్లో మాసిక మీద మాసిక వేసిన బోరో బట్టలు దీనికి తోబుట్టువులే. కాంథాలకు, బోరోలకు ఇప్పుడు మ్యూజియాల్లో చోటు దొరికింది. తెలుగు బొంతకు ఆ గౌరవం ఇంకా దక్కలేదు. చాలా ఇళ్లలో దానిని అటక మీద, చుట్టాల కంట పడకుండా దాస్తున్నారు. ఇది బాధ కలిగించే విషయం.

నూలు చీరకు బొంత ఒక మజిలీ మాత్రమే. మెత్తబడిన చీర పసిబిడ్డకు పొత్తిగుడ్డలవుతుంది, ఉయ్యాల అవుతుంది, తర్వాత బొంతలో పొర అవుతుంది. బొంత కూడా చిరిగితే గడప ముందు కాళ్లు తుడుచుకునే పట్టా, పొయ్యి దగ్గర మసిగుడ్డ, ఇల్లు తుడిచే తడిగుడ్డ, చివరికి దీపంలో వత్తి. ఈ వరస ఎంత పాతదో బౌద్ధుల వినయ పిటకం చెబుతుంది. కౌశాంబిలో ఉదయన మహారాజు రాణులు బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి 500 వస్త్రాలు ఇచ్చారు. భిక్షువుకు ఇన్ని బట్టలెందుకని రాజు ఆరా తీశాడు. చీవరాలు, అంటే భిక్షువులు కట్టే బట్టలు, చిరిగినవారికి పంచుతామన్నాడు ఆనందుడు. మరి పాత చీవరాలను ఏం చేస్తారంటే పక్క మీద పరుస్తామన్నాడు. అవి పాతబడితే పరుపు గలీబులుగా, ఆ తర్వాత నేల మీద పరిచే గుడ్డలుగా, కాళ్లు తుడుచుకునే పట్టాలుగా, దుమ్ము దులిపే గుడ్డలుగా వాడతామనీ, చివరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతామనీ వివరించాడు. రాజు సంతోషించి మరో 500 వస్త్రాలు ఇచ్చాడట. తెలుగు ఇల్లాలు చెప్పినా దాదాపు ఇదే వరస చెప్పేది.

చిరిగిన బట్టనల్లా బొంతకు పంపక్కర్లేదు. చిన్న చిరుగుకు మాసిక చాలు. చిరుగు కంటే అన్ని వైపులా అంగుళం ఎక్కువగా ముక్క కోసి, అంచులు లోపలికి మడిచి, గట్టి బట్ట దొరికిన చోట కుట్టాలి. చిరుగు అంచునే పట్టి కుడితే నాలుగు ఉతుకులకు మళ్లీ పిగిలిపోతుంది. కనబడకుండా అతకాలంటే రఫూ చేయించాలి. రఫూ చేసే చేయి బయటి దారం ముట్టదు. ప్యాంటు అయితే కింద మడిచి కుట్టిన భాగంలోంచి, చీర అయితే అంచు లోపలి నుంచి అదే రంగు పోగులు లాగి తీస్తుంది. ముందు చిరుగుకు నిలువునా పోగులు పరిచి, తర్వాత అడ్డంగా ఒకదాని పైనుంచి, మరోదాని కిందుగా సూది నడుపుతుంది. పడుగు, పేక మళ్లీ నేసినట్టే. రూపాయి నాణెమంత చిల్లు పూడ్చడానికి గంటకు పైనే పట్టవచ్చు. అంత పనికి ఇచ్చే డబ్బు దగ్గర బేరమాడటం మానుకుంటేనే ఆ పనివాడు మరో చలికాలానికి అదే మూల మీద కనబడతాడు.

మోచేతుల దగ్గర పోయిన చేతి అల్లిక స్వెటర్‌ది మరో దారి. అల్లిక ముగించిన కొస పట్టుకుని లాగితే ఉన్ని మొత్తం వచ్చేస్తుంది. దానిని కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో ఉతికి, కింద చిన్న బరువు తగిలించి ఆరేస్తే వంకరలు పోయి పోగు సాఫీ అవుతుంది. పెద్దవాళ్ల స్వెటర్ పిల్లలకు సరిపోతుంది, మిగిలితే మేజోళ్లకు పనికొస్తుంది.

పరుపులు, రజాయిల సంగతి చూసేవారు దూదేకులవారు. ఏళ్ల తరబడి ఒంటి బరువుకు అణిగి గట్టిపడిన దూదిని బయటికి తీసి, విల్లు తాటిని కొయ్య సుత్తితో మీటుతూ విడదీసేవారు. తాడు అదిరిన ప్రతిసారీ పింజ విచ్చుకుని గాలి పోసుకునేది. కొత్త దూది గుప్పెడు కలిపి అదే గలీబులో కూరితే పరుపు కొత్తదైపోయేది. ఇప్పుడు ఆ పని యంత్రాలతో చేస్తున్నారు, కాకపోతే దూది పరుపే అరుదైపోయింది. ఫోం పరుపు కుంగితే ఏకడానికి వీలు లేదు, పారేయడమే.

తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో గొంగడికి కూడా ఇదే బెంగ. దక్కనీ గొర్రెల నుంచి ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరించి, కదురు మీద వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద కురుమలు నేసే ఈ కంబళికి రంగు అద్దాల్సిన పని లేదు. చలికీ వానకీ ఒకటే కప్పు, రాత్రి అదే పక్క. ఏళ్ల తరబడి మన్నుతుంది. మాంసం కోసం, బొచ్చు లేని నెల్లూరు జాతి గొర్రెలు దక్కనీ జాతి స్థానంలోకి రావడంతో ఉన్నికి కరువొచ్చింది. కొనక తప్పనప్పుడు కొనదగిన వస్తువు గొంగడి. ఒకసారి కొంటే పదేపదే కొనే అవసరం ఉండదు.

ఈ అలవాట్లు పోయింది బద్ధకం వల్ల అనుకోవడం పొరపాటు. బట్టే మారిపోయింది. ప్రపంచంలో తయారవుతున్న పోగుల్లో సగానికి పైగా పాలియెస్టరే. పాలియెస్టర్ చీర తేలిక, తొందరగా ఆరుతుంది, చవక, రంగు వెలవదు. రెక్కల కష్టం మీద బతికే ఇంటికి ఈ గుణాలు చిన్నవి కావు. అయితే అది పాతబడినా మెత్తబడదు. బొంతలో వేస్తే పొరలు జారుతాయి, చెమట పీల్చదు. తడిగుడ్డగా వాడితే నీళ్లను నెట్టుతుంది తప్ప తాగదు. వత్తి చేస్తే కరిగి ముద్దవుతుంది. చలిమంట దగ్గర నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది కూడా. దానితో సంచులు కుట్టవచ్చు, తాళ్లు పేనవచ్చు. అంతకు మించి మజిలీలు లేవు. కాబట్టి తక్కువ కొనడం సూది పట్టుకున్న రోజున కాక, బట్టల కొట్లో చీర చేత్తో నలిపి చూసిన రోజునే మొదలవుతుంది. నూలుదేనా, కుట్టు దగ్గర విప్పుకోవడానికి బట్ట వదిలారా, చిరిగితే అతుకు నిలుస్తుందా అని అక్కడే చూడాలి.

ఇంట్లో వాడలేని బట్టకు బయట దారులున్నాయి. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇస్తామంటూ వీధుల్లో తిరిగే ఆడవాళ్లు మోసుకెళ్లిన మూటల్లోని చొక్కాలు బాగుచేతకు నోచుకుని మళ్లీ ఎవరి ఒంటి మీదికో చేరతాయి. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో వాడిన సరుకు బేరం ఎప్పటినుంచో ఉంది. ఢిల్లీలో 1999లో అంశు గుప్తా 67 బట్టలతో మొదలుపెట్టిన గూంజ్ సంస్థ పాత బట్టను దానంలా పడేయకుండా, పల్లె చేసుకున్న పనికి ప్రతిఫలంగా ఇస్తుంది. ఆయనకు 2015లో మెగసెసె పురస్కారం వచ్చింది. చిరిగిన ఉన్నిని పీచు చేసి మళ్లీ నూలు వడికే పద్ధతిని 1813లో ఇంగ్లండులోని బాట్లీలో బెంజమిన్ లా అనే ఆయన కనిపెట్టాడు. ఇప్పుడు హర్యానాలోని పానిపట్ దానికి పెద్ద కేంద్రం. చలి దేశాలు విడిచిన స్వెటర్లను అక్కడ రంగుల వారీగా ఏరి, మళ్లీ అద్దకం లేకుండానే దుప్పట్లు నేస్తారు. వరదలు, భూకంపాలు వచ్చినప్పుడు పంచే దుప్పట్లలో చాలా భాగం ఒకప్పుడు అవే. ఆ ఉన్ని కురచ, మన్నిక తక్కువ. చిరిగిన దానిని ఇంట్లో బాగుచేసుకోవడానికి ఇది సాటి రాదు.

భోగి నాడు ఇల్లు దులిపి పాతవి మంటలో వేయడం ఆచారం. పుచ్చిన కర్ర, విరిగిన కొయ్య వేస్తే బూడిద పొలానికి పనికొస్తుంది. టైర్లు, ప్లాస్టిక్, పాలియెస్టర్ బట్టలు వేస్తే వచ్చే విషపు పొగ మంట చుట్టూ నిలబడిన పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అతుకు నిలిచే గుడ్డ ఏదీ ఆ మంటలో పడకూడదు. భోగికి ముందు రోజే ఇంట్లోని బట్టలన్నీ ముందేసుకుని బాగుచేయాల్సినవి, బొంతకు పనికొచ్చేవి, ఇతరులకు ఇవ్వదగినవి వేరు చేసుకుంటే మంటకు మిగిలేది చాలా తక్కువ.

శివరాత్రి వెళ్లాక బొంతలను చెరువు దగ్గరికి మోసుకెళ్లి, నానబెట్టి, బండ మీద బాది, ఇద్దరు చెరో కొసా పట్టి పిండుతారు. తడిసిన బొంతను ఒక్కరు ఎత్తలేరు. రెండు మూడు ఎండలు తగిలి పూర్తిగా ఆరాక మడతల మధ్య ఎండు వేపాకు వేసి అటకెక్కిస్తారు. పైచీర పల్చబడిన బొంతను మాత్రం ఎక్కించరు. ఈ ఏడు విడిచిన చీర ఒకటి దాని మీద పరిచి మళ్లీ కుట్టడానికి, ఎండలు ముదిరే దాకా దండెం మీదే ఉంచుతారు.