మూర్తి, కొత్తపల్లి ఇద్దరు కారండీ

కార్యదర్శి గారికి,
కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ,
ట్రాన్స్‌పోర్ట్ భవన్, పార్లమెంట్ స్ట్రీట్, న్యూఢిల్లీ.



నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ని. వయసు అరవై మూడు. వెయ్యి రూపాయలు కట్టి తెచ్చుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఒకటి మా బీరువాలో ఉంది. బూడిదరంగు అట్ట, లోపల తెల్ల కాగితాలు, అరచేతికన్నా కాస్త పెద్ద పుస్తకం. జారీ చేసిన దేశంలోనే అది చెల్లదు. ఇంట్లో పనికిరాని సర్కారు కాగితం ఇదొక్కటే అనుకుంటాను. దాని గురించే ఈ ఉత్తరం.

సంగతేమిటంటే, మా అబ్బాయి జపాన్‌లో నగోయా దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. వాడూ వెళ్లేటప్పుడు ఈ పుస్తకం పట్టుకెళ్లాడు. జపాన్ వాళ్ల లెక్కలో అక్కడ కాలుపెట్టిన రోజునుంచి ఏడాది, లేదా పర్మిట్ గడువు, ఏది ముందైతే అది. ఏడాది తిరిగింది. వాడి చేతిలో కారు ఆగిపోయింది. ఇక అక్కడి లైసెన్సు తీసుకోవాల్సిందే. దానికి మనవాళ్లు రాతపరీక్ష రాయాలి, మైదానంలో బండి నడిపి చూపించాలి. మావాడు ఎడమ మలుపు తిప్పే ముందు భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడలేదని మొదటిసారి తప్పాడు. ఇక్కడ బీటెక్ అంతా సైడు మిర్రర్లు మడిచిన బండి నడిపినవాడు మరి.

గడువు తీరిన పర్మిట్‌ను విదేశం నుంచే, మన ఎంబసీ ద్వారా కొత్తగా తీసుకునే వీలు మీరు 2021 జనవరిలో కల్పించారు. మంచి పనే. అయితే జపాన్ లెక్క పుస్తకం కొత్తదా పాతదా అని కాదు, మనిషి దిగి ఎన్నాళ్లైందని. అందుకని అది మావాడికి అక్కరకు రాలేదు. ఒకరోజు ఫోన్లో, "నాన్నా, నువ్వొచ్చేటప్పుడు పర్మిట్ తెచ్చుకో. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుని దారి చెప్తాను" అన్నాడు. ముప్పై నాలుగేళ్ల డ్రైవింగ్‌లో నన్నెవరూ అంత గౌరవంగా పిలవలేదు.

అలా మొదలైంది.

మా ఆర్టీవో ఆఫీసు పేరు చెప్పను. చెబితే ఒక్క ఆఫీసు కథ అయిపోతుంది. నెట్ సెంటర్లో దరఖాస్తు పెట్టించి, ఫీజు కట్టి, స్లాటు రోజున ఫైలుతో వెళ్లాను. కిటికీ దగ్గరి అబ్బాయి కాగితాలు తిరగేసి "వీసా జిరాక్సు లేదే మేష్టారూ" అన్నాడు. వీసా ఇంకా రాలేదన్నాను. "అయితే వచ్చాకే రండి." వచ్చాక వెళ్లాను. "ఫారం 1ఏ ఏది? డాక్టరు సంతకం కావాలి." రెండేళ్ల క్రితం లైసెన్సు రెన్యువల్‌కి అదే ఫారం, అదే ఆఫీసులో ఇచ్చాను. నా కళ్లు, చెవులు బాగున్నాయని మీరే ఒప్పుకుని ఐదేళ్లు ఇచ్చారు కదా బాబూ అంటే, "అది లైసెన్సుకి, ఇది ఇంటర్నేషనల్‌కి" అన్నాడు. ఇంటర్నేషనల్ అనగానే కళ్లు వేరే కావాలి కాబోలు.

ఇంటికొచ్చి మావాడికి చెబితే, మీ శాఖ ప్రకటన వెతికి పంపాడు. చదివి నివ్వెరపోయాను. అదే 2021 జనవరి నోటిఫికేషన్‌లో, ఇక్కడినుంచి దరఖాస్తు చేసేవాళ్లకు వీసా అక్కర్లేదని, డాక్టరు సర్టిఫికెట్ అక్కర్లేదని మీరే తీసేశారు! కారణం కూడా చక్కగా చెప్పారు. చెల్లే లైసెన్సున్న మనిషికి మళ్లీ వైద్య పరీక్ష దేనికి? కొన్ని దేశాలు విమానం దిగాక వీసా ఇస్తాయి, కొన్ని చివరి నిమిషంలో ఇస్తాయి, అలాంటప్పుడు ముందే తెమ్మంటే ఎలా? నేను కిటికీ దగ్గర చెప్పబోయి చెప్పలేకపోయిన మాటలు అచ్చం అవే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నమాట. ఆ అబ్బాయిని తప్పుపట్టను. అతని పక్కన అద్దానికి అంటించిన కాగితం మీద "వీసా, మెడికల్, టికెట్" అని స్కెచ్‌పెన్‌తో రాసి ఉంది. అంచులు పసుపుబారాయి. ఆ కాగితమే అతనికి చట్టం. ఢిల్లీ గెజిట్ అంత దూరం నడిచి రాలేదు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. అసలు చిక్కు నా పేరుతో వచ్చింది.

నా పేరు కొత్తపల్లి సత్యనారాయణ మూర్తి. ఊళ్లో, బళ్లో, బ్యాంకులో కె.ఎస్.ఎన్. మూర్తి. నేను లైసెన్సు తీసుకున్న రోజుల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు రాసుకున్నదీ అదే. పుస్తకం పోయి కార్డు వచ్చినా పొడి అక్షరాలు అలాగే దిగాయి. పాస్‌పోర్టు వాళ్లు మాత్రం విప్పి రాశారు. ఇంటిపేరు గడిలో కొత్తపల్లి, సొంతపేరు గడిలో సత్యనారాయణ మూర్తి. మన తెలుగువాళ్లలో సగం మందిది ఇదే కథ. ఇంటిపేరు ముందుండేది మన పద్ధతి. దాన్ని ఒక్క అక్షరంగా మడిచి జేబులో పెట్టుకోవడం అలవాటు. మా వీధిలో నలుగురు మూర్తిగార్లు ఉన్నా ఎవరెవరన్న సందేహం ఎవరికీ రాదు.

పర్మిట్ చేతికొచ్చాక ఫొటో పేజీ చూశాను. ఇంటిపేరు: మూర్తి. ఇతర పేర్లు: కె ఎస్ ఎన్. మనిషి చేశాడో కంప్యూటర్ చేసిందో, చివరి మాట పట్టుకుని దాన్ని ఇంటిపేరు చేసి కూర్చోబెట్టారు. అడిగితే, "లైసెన్సులో ఎలా ఉంటే అలాగే వస్తుంది, మార్చాలంటే ముందు లైసెన్సులో పేరు మార్పుకి పెట్టుకోండి" అన్నారు. విమానానికి తొమ్మిది రోజులుంది. పోనీలెమ్మని పెట్టెలో పెట్టుకున్నాను.

నగోయాలో కారు అద్దెకిచ్చే దుకాణంలో ఒక అమ్మాయి. పాతికేళ్లుంటాయేమో. పాస్‌పోర్టు, లైసెన్సు, పర్మిట్ మూడూ తీసుకుని పక్కపక్కన పరిచింది. చిన్న స్కేలు తీసి పాస్‌పోర్టులో పేరు కింద పెట్టింది. తర్వాత పర్మిట్‌లో. మళ్లీ పాస్‌పోర్టులో. నాకేసి చూసి నవ్వి, నడుం వంచి క్షమాపణలాంటిదేదో చెప్పి, లోపలికి వెళ్లి ఇంకో పెద్దమనిషిని పిలుచుకొచ్చింది. మావాడు వాళ్ల భాషలో వివరించాడు, కె అంటే కొత్తపల్లి అని, మా దేశంలో ఇంటిపేరు ముందుంటుందని. ఆ మాటకి ఆ పెద్దమనిషి ముఖం వెలిగింది. వాళ్లదీ ఇంటిపేరు ముందే కదా! "మరి ఇంటిపేరు గడిలో మూర్తి అని ఎందుకుంది?" అని అడిగాడు. దానికి మావాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

చివరికి పుట్టినతేదీ కలిపి చూశారు, లైసెన్సు నంబరు కలిపి చూశారు, నా ముఖం కలిపి చూశారు. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. కారిచ్చారు. ఆ అమ్మాయి చేసింది తప్పని నేననను. రేపు నేను ఎవరినైనా గుద్దితే, ఇన్సూరెన్స్ వాళ్లు బండి తీసుకున్నది కొత్తపల్లి, నడిపింది మూర్తి అంటే ఆవిడ ఉద్యోగానికే ఎసరు.

2022 ఆగస్టులో మీరు ఈ పర్మిట్‌కి దేశమంతటా ఒకే సైజు, ఒకే రంగు, ఒకే నమూనా పెట్టారు. అంతకుముందు రాష్ట్రానికో రకంగా ఉండి బయట దేశాల్లో జనం ఇబ్బంది పడేవారని మీరే చెప్పారు. లైసెన్సుకు ముడిపెట్టే క్యూఆర్ కోడ్ కూడా పెట్టారు. సంతోషం. కానీ లైసెన్సులోనే పొడి అక్షరాలుంటే క్యూఆర్ కోడ్ మటుకు ఏం చేస్తుంది? అదే తికమకను ఇంకాస్త త్వరగా చూపిస్తుంది. ఈ పుస్తకం ఎవరికీ కొత్తగా బండి నడిపే హక్కు ఇవ్వదు. మన లైసెన్సులో ఉన్నదాన్ని పరాయి దేశపు పోలీసుకి అర్థమయ్యేలా చెప్పడమే దాని పని. బండ్ల రకాల విషయంలో ఆ పని మీరు చేశారు. మన ఎల్‌ఎంవీ 7,500 కిలోల దాకా, వాళ్ల బి రకం 3,500 కిలోల దాకా. ఆ తేడా తెలిసేలా పోలిక పట్టిక పెట్టారు. లారీకీ కారుకీ అనువాదం దొరికింది, మనిషి పేరుకి దొరకలేదు.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. దరఖాస్తుతో పాస్‌పోర్టు జిరాక్సు ఎలాగూ తీసుకుంటున్నారు. అందులో ఇంటిపేరు, సొంతపేరు వేర్వేరు గడుల్లో విడమరిచి ఉన్నాయి. పర్మిట్‌లో వాటినే దించండి. లైసెన్సుతో పోలిక తప్పుతుందని మీ న్యాయ విభాగం అభ్యంతరం చెబితే, పక్కన లైసెన్సులోని పేరు కూడా వేయండి. ఒక్క వరస. పాస్‌పోర్టు లేకుండా ఈ పుస్తకం వాడేవాడు లోకంలో ఎక్కడా ఉండడు కదా. మేష్టార్లం పిల్లవాడి హాజరుపట్టీలో పేరునీ పదో తరగతి మార్కుల లిస్టులో పేరునీ కలిపి చూసి సరిచేసినట్టే ఇది కూడా.

ఇంకొకటి. మా కాలనీలో బ్రిటన్ వెళ్లేవాళ్లూ, ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లూ కూడా ఆర్టీవో ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్నారు. బ్రిటన్‌లో మన లైసెన్సు మీదే ఏడాది దాకా కారు నడుపుకోవచ్చని వాళ్లకెవరూ చెప్పరు. ఏజెంటు అసలు చెప్పడు. అటు చైనా వెళ్లేవాడూ ఈ పుస్తకం పట్టుకెళ్తాడు, అక్కడ దీన్ని గుర్తించరు. అమెరికాలో రాష్ట్రానికో మాట. కాలిఫోర్నియా దీన్ని లైసెన్సు కిందే లెక్కపెట్టదు, చూసేది మన అసలు లైసెన్సునే. జపాన్‌లోనేమో ఇది లేకపోతే చక్రం ముట్టుకోకూడదు. అదీ 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చిందే కావాలి. 1968 వియన్నా ఒప్పందపు పుస్తకం తెచ్చుకున్న జర్మనీవాడికి జపాన్‌లో అది చెల్లదు, లైసెన్సుకి జపనీస్ అనువాదం చేయించుకోవాలి. మనది 1949ది కాబట్టి మనకా బాధ లేదు. జర్మనీవాడికి లేని భాగ్యం మనకుందని మనలో ఎంతమందికి తెలుసు? ఏ దేశానికి కావాలో, ఎక్కడ అక్కర్లేదో తెలుగులో ఒక పేజీ, మిగిలిన భాషల్లో ఒక్కో పేజీ మీరే పెడితే సగం క్యూ తగ్గుతుంది. "పదేళ్ల ఇంటర్నేషనల్ లైసెన్స్, ఇంటికే పంపుతాం" అని ఫోన్లో ప్రకటనలిచ్చే వాళ్ల వ్యాపారం కూడా పడుతుంది. మనదేశం ఇచ్చే పర్మిట్ ఏడాదికి మించదు, లైసెన్సు ముందే ముగిస్తే అంతకూ రాదు. ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు, పదేళ్లన్నవాడి గుట్టు రట్టవుతుంది.

బ్రిటన్‌లోనైతే పేపాయింట్ అని బోర్డున్న వీధి దుకాణంలో అయిదున్నర పౌండ్లు ఇచ్చి ఈ పర్మిట్ తీసుకుంటారు. పాలప్యాకెట్టు కొనే చోటే. మనకి అంత అక్కర్లేదు. ఒక్కసారి వెళ్తే పనైతే చాలు.

నడిపిన ముచ్చట కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం అంతా ఏడుపే అనుకుంటారు. అద్దెకారు నంబరు ప్లేటు మీద వాళ్ల లిపిలో "వ" అనే అక్షరం ఉంటుంది, చూడగానే అద్దెబండి అని తెలుస్తుంది. మనలాగే ఎడమవైపు నడక, కుడివైపు స్టీరింగు. ధైర్యంగా బయల్దేరి మొదటి సిగ్నల్ దగ్గరే ఎడమకు తిప్పబోయాను. మావాడు గావుకేక పెట్టాడు. అక్కడ ఫ్రీ లెఫ్ట్ లేదు. ఎర్రదీపం ఉంటే ఎటూ కదలకూడదు. నా వెనక కారువాడు హారన్ కూడా కొట్టలేదు, అదే ఎక్కువ సిగ్గనిపించింది. రైల్వే గేటు తెరిచే ఉన్నా ప్రతి బండీ ఆగి, అటూ ఇటూ చూసి కదులుతుంది. అది చట్టం. మూడోరోజుకి నాకూ అలవాటైపోయింది. షిరకవాగో అని కొండల మధ్య గడ్డికప్పు ఇళ్ల ఊరికి వెళ్లాం. దారిలో పది కిలోమీటర్ల పైచిలుకు సొరంగం. అంత చీకట్లో మావాడు మాటలాడకుండా కూర్చున్నాడు. చిన్నప్పుడు స్కూటరు మీద నా ముందు నిలబడి వచ్చినవాడు. బయటి వెలుతురులోకి రాగానే, "బాగా నడిపావు నాన్నా" అన్నాడు.

ఊరికొచ్చి ఆ కాలు ఈ కాలు పట్టుకుని లైసెన్సులో పేరు విప్పించుకుందామని దరఖాస్తు పెట్టాను. ఇంకా తేలలేదు. కోడలికి నెలలు నిండుతున్నాయి, చైత్రంలో మళ్లీ వెళ్లాలి. అప్పటికి ఈ పర్మిట్ గడువు ఇంకా ఉంటుంది. అదే కారు దుకాణం, బహుశా అదే అమ్మాయి, అదే స్కేలు. ఈలోగా మీ సర్క్యులర్ ఒకటి మా ఆఫీసు అద్దం మీదికి చేరితే, ఆ స్కెచ్‌పెన్ కాగితాన్ని నేనే స్వయంగా చింపి, కొత్తది అంటించి వస్తాను. జిగురు సీసా నా ఖర్చే.

ఇట్లు,
కొత్తపల్లి సత్యనారాయణ మూర్తి
(మీ రికార్డుల్లో: మూర్తి, కె ఎస్ ఎన్)