మా టీచరు మంచిదని మా టీచరే రాసుకోవాలా?

తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు, ఉపాధ్యాయ మిత్రులకు, రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖల పెద్దలకు మనవి.

సెప్టెంబరు 5 దగ్గరపడుతోందంటే జెరాక్స్ షాపులకు గిరాకీ పెరుగుతుంది. జిల్లా, రాష్ట్ర స్థాయి ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాలకు ఫైళ్లు తయారయ్యే రోజులవి. స్పైరల్ బైండింగు చేసిన ఒక్కో ఫైలూ పెళ్లి ఆల్బమంత మందం ఉంటుంది. తెరిస్తే మొక్క నాటుతున్న టీచరు, ర్యాలీలో ముందు నడుస్తున్న టీచరు, దాతల నుంచి బెంచీలు అందుకుంటున్న టీచరు, ఎమ్మెల్యే గారి పక్కన నిలబడ్డ టీచరు. జిల్లా ఎడిషన్లో పడిన వార్తల కత్తిరింపులు. ఏదో సేవాసంస్థ ఇచ్చిన ప్రశంసాపత్రం, దాని మీద గెజిటెడ్ అధికారి అటెస్టేషన్. ఇన్ని పేజీల్లో తన పాటికి తాను పాఠం చదువుకుంటున్న పిల్ల మాత్రం దొరకదు. ఒకవేళ దొరికినా, ఆ పిల్ల కెమెరా వైపే చూస్తుంటుంది.

ఫైలు పెట్టినవాళ్లను తప్పుపట్టడానికి ఈ కరపత్రం వేయలేదు. వాళ్లలో మంచి టీచర్లు చాలామంది ఉన్నారు. పైవాళ్లు ఏ కాగితం అడిగితే ఆ కాగితం ఇస్తున్నారు, అంతే. మా తగువు అడిగే పద్ధతితోనే. పురస్కారానికి దరఖాస్తు అనేదే ఉండకూడదు. ప్రభుత్వమే వెతకాలి, బడికి వెళ్లాలి, పాఠం చూడాలి, ఆ తర్వాత ఇవ్వాలి. మేం అడిగేది ఇంతే.

దేశంలో ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారాలు 1958లో మొదలయ్యాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన 1962 నుంచి ఆయన పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. చాలాకాలం ఈ పురస్కారాలు పైనుంచి సిఫార్సుల మీద నడిచాయి. ఎవరి పేరు పంపాలో అధికారులు తేల్చేవారు. ఆ అధికారులకు ఎవరు ఫోన్లు చేసేవారో ఊళ్లో అందరికీ తెలిసేది. 2018లో కేంద్రం ఈ పద్ధతి మార్చింది. టీచరే నేరుగా ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించింది. పురస్కారాల సంఖ్యను కూడా బాగా తగ్గించింది. నాయకుడి గుమ్మం తొక్కాల్సిన పని తప్పినందుకు అప్పట్లో చాలామంది సంతోషించారు. ఆ సంతోషంలో న్యాయం ఉంది.

కానీ గుమ్మం పోయిన చోట పోర్టల్ వచ్చింది. పత్రాలు, ఫొటోలు, ఆడియోలు, వీడియోలతో టీచరు తన పోర్ట్‌ఫోలియో తానే ఎక్కించుకోవాలి. విరాళాలు ఎన్ని తెచ్చారు, వ్యాసాలు ఎన్ని అచ్చయ్యాయి, శిక్షణలకు ఎన్నిసార్లు వెళ్లారు, ఈ-కంటెంట్ ఎంత తయారుచేశారు అన్నవాటికి మార్కులున్నాయి. బోధనకూ మార్కులున్నాయి, కాదనం. అయితే ఆ బోధనను నిరూపించేది మళ్లీ ఫొటోలూ వీడియోలే. వడపోతలో నిలిచినవాళ్లు జ్యూరీ ముందు ప్రజెంటేషన్ ఇవ్వాలి. పిల్లల ముందు అద్భుతంగా మాట్లాడే మనిషి జ్యూరీ ముందు తడబడవచ్చు. జ్యూరీ ముందు అదరగొట్టినవారు ఒకటో తరగతి పిల్లల మధ్య అయిదు నిమిషాలు కూర్చోలేకపోవచ్చు. నోబెల్ బహుమతికైతే తన పేరు తానే పంపుకోవడానికి వీల్లేదు. మన దగ్గర బడిపంతులు మాత్రం తాను గొప్పవాడినని తానే రాసి, కింద హామీపత్రం మీద సంతకం పెట్టాలి.

ఈ లెక్క ఎవరిని వదిలేస్తోందో చూడండి. పార్వతీపురం మన్యం జిల్లాలో మాలో ఒకరు దగ్గరగా చూసిన బడి ఒకటుంది. ఒక గది, ఒక వరండా, అయిదు తరగతులు, ఒక్కరే టీచరమ్మ. నల్లబల్ల మీద సుద్దముక్కతో నిలువుగా గీత గీసి రెండు చేశారు. ఎడమపక్క అయిదో తరగతికి భాగహారాలు, కుడిపక్క మూడో తరగతికి ఒత్తులు. రెండో తరగతివాళ్లు వరండాలో చింతపిక్కలు పదేసి చొప్పున కుప్పలు పోస్తున్నారు. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన సవర తెగ పిల్లాడికి తెలుగు ఒక్క ముక్క రాదు. టీచరమ్మ తన హాజరు డైరీ చివరి పేజీల్లో సవర మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు. నీళ్లు, ఆకలి, కడుపునొప్పి, భయం, అమ్మ దగ్గరికి వెళ్తా. అయిదో తరగతి పిల్ల ఒకతి ఆమె ఉచ్చారణ సరిదిద్దుతోంది. ఈవిడ తప్పు పలికినప్పుడల్లా పిల్లలంతా ఘొల్లుమంటున్నారు, ఆవిడా నవ్వుతున్నారు. ఆ కొత్త పిల్లాడు మొదటిసారి నోరు విప్పింది ఆ నవ్వులోనే.

ఈ టీచరమ్మకు పురస్కారం ఎలా వస్తుంది? ఆమె సెలవు పెడితే బడికి తాళం పడుతుంది. కనుక శిక్షణలకు వెళ్లలేరు, ఆ గడిలో మార్కులు తక్కువ. ఊళ్లో విరాళం ఇచ్చే స్తోమత ఎవరికీ లేదు, ఆ గడీ ఖాళీయే. మధ్యాహ్న భోజనం లెక్క యాప్‌లో ఎక్కించడానికే సిగ్నల్ కోసం మిట్ట ఎక్కాలి, ఇక వీడియోల మాట చెప్పేదేముంది? ఫైలు పట్టుకుని డీఈవో ఆఫీసుకు వెళ్లాలన్నా ఆ రోజు బడి మూతే. ఆమె చేసిన అసలు పనికి మిగిలిన సాక్ష్యం డైరీ చివరి పేజీలు మాత్రమే. వాటికి ఏ పట్టికలోనూ గడి లేదు.

ఇది ఎక్కడో ఒకచోట ఉన్న బడి కథ కాదు. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి. వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం మన ఆంధ్రప్రదేశే, సుమారు 12,900. దేశంలో బడి టీచర్లు కోటి దాటారని కూడా ఆ లెక్కలే చెబుతున్నాయి. 2024లో పాఠశాల విభాగంలో జాతీయ పురస్కారం అందుకున్నవారు 50 మంది. కోటిలో యాభై మందిని ఏరేటప్పుడు జల్లెడ కన్నాలు ఎలా ఉన్నాయన్నది చిన్న సంగతి కాదు. బడి పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం, దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. వెనకబడిన ఆ పిల్లల చేత పుస్తకం చదివించగలిగిన టీచర్లే ఇవాళ దేశానికి కావాలి. పురస్కారం వెతకాల్సింది వాళ్లను. ఏ పనికి శాలువా కప్పితే మిగతా టీచర్లు ఆ పని నేర్చుకుంటారు. ఇప్పుడు ఫైలుకు కప్పుతున్నాం, ఫైళ్లు బాగా తయారవుతున్నాయి.

ఇంకో అన్యాయం ఉంది. జాతీయ పురస్కారానికి పదేళ్ల సర్వీసు ఉన్న రెగ్యులర్ టీచర్లే అర్హులు, కాంట్రాక్టు టీచర్లు కారు. మన కస్తూర్బా విద్యాలయాల్లో పాఠాలు చెప్పేదీ, రాత్రిపూట జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చునేదీ ఎవరు? ఆశ్రమ పాఠశాలల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న కాంట్రాక్టు టీచర్లు (సీఆర్టీలు) ఎవరు? జీతం సగం, భద్రత సున్న, మర్యాదలోనూ కోతేనా? అంగన్‌వాడీ టీచర్లను, చిన్న ప్రైవేటు బడుల్లో చాలీచాలని జీతానికి చదువు చెబుతున్న అమ్మాయిలను ఈ సందర్భంలో తలచుకునేవారే లేరు.

ప్రభుత్వమే టీచరు దగ్గరికి రావడం కొత్త సంగతేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం వ్యావహారిక భాషోద్యమ పితామహుడిగా ఎరుగుదుం. ఆయన మొదట బడిపంతులు. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెబుతూ, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేయించి, పారితోషికం ఎంత కావాలని అడిగింది. తనకు డబ్బు అక్కర్లేదు, సవర పిల్లలకు బడి పెడతాను, గ్రాంటు ఇప్పించండి అన్నారాయన. పరాయి ప్రభుత్వమే ఆయన పనిని చూసి, తనంతట తాను వచ్చి అడిగింది. నూరేళ్ల తర్వాత మన ప్రభుత్వాలను ఆ మాత్రం అడగడం అత్యాశ కాదనుకుంటాం.

మరి ఎలా వెతకాలి? పేర్లు మూడు వైపుల నుంచి రానివ్వండి. బడి వదిలి కనీసం అయిదేళ్లయిన పూర్వ విద్యార్థులు రాయాలి. వాళ్లకు ఇక మార్కులతో పనిలేదు, భయమూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల యాజమాన్య కమిటీలు, తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు తీర్మానం చేసి పంపాలి. చుట్టుపక్కల బడులు కలిసిన స్కూల్ కాంప్లెక్సులోని తోటి టీచర్లు రహస్యంగా ఒక్కో పేరు చీటీ మీద రాసివ్వాలి, తమ పేరు తప్ప. ఏ బడిలో ఎవరు నిజంగా చెబుతారో కాంప్లెక్స్ మీటింగులో టీ తాగేవాళ్లందరికీ తెలుసు. ఆ సంగతి అధికారికంగా వాళ్లను ఎవరూ అడగలేదు, అంతే. రెండు వైపుల నుంచి వచ్చిన పేరయితే పరిశీలనకు తీసుకోవాలి.

ఆ తర్వాత బడికి వెళ్లాలి. ఆగస్టులో హడావుడిగా కాదు, డిసెంబరు నుంచి మార్చి మధ్య, పాఠాలు జోరుగా నడిచే రోజుల్లో. వేరే జిల్లా టీచరు, రిటైరైన మంచి హెడ్మాస్టరు, డైట్ అధ్యాపకులు ముగ్గురూ చెప్పాపెట్టకుండా వెళ్లి రెండు రోజులు వెనక బెంచీలో కూర్చోవాలి. పిల్లల చేత చదివించి వినాలి. తరగతిలో వెనకబడిన అయిదుగురు పిల్లలు జూన్‌లో ఎక్కడున్నారు, ఇప్పుడెక్కడున్నారు అని చూడాలి. పదో తరగతి ఉత్తీర్ణత శాతాలు పక్కన పెట్టండి. పట్నంలో ట్యూషన్‌కు వెళ్లే పిల్లలున్న బడినీ, కూలికి పోయి వచ్చే పిల్లలున్న బడినీ ఒకే తూకంలో వేయకూడదు.

ఇందులో రాజకీయాలు దూరవా అని అడుగుతారు. దూరతాయి. కులం చూసి తీర్మానం చేసే కమిటీలుంటాయి, సంఘం చూసి చీటీ రాసే టీచర్లుంటారు. అందుకే ఒక్కరి మాట మీద ఆధారపడొద్దంటున్నాం. చివరి మాట వేరే జిల్లా వాళ్ల చేతిలో పెట్టమంటున్నాం. ఇంత చేయడానికి మనుషులేరీ అని ఇంకో ప్రశ్న. యాప్‌లో మరుగుదొడ్ల ఫొటోలు పెట్టించి, వాటిని రోజూ సమీక్షించడానికి ఆంధ్రప్రదేశ్‌లో మనుషులు దొరికారు. ఏడాదికోసారి పాఠం వినడానికి దొరకరా?

ఇచ్చే తీరు కూడా మారాలి. జిల్లా కేంద్రంలో ముఖ్య అతిథి కోసం రెండు గంటలు ఎదురుచూసి, వరసలో నిలబడి, అరనిమిషంలో శాలువా, మెమెంటో, ఫొటో ముగించి కిందికి దిగే పద్ధతి మానాలి. కలెక్టరుగారే ఆ బడికి వెళ్లాలి, ఆ ఊరివాళ్ల ముందు ఇవ్వాలి. నగదుతోపాటు ఆ బడికి గ్రంథాలయం, అవసరమైన చోట రెండో టీచరు రావాలి. పురస్కారం పొందినవారిని డిప్యుటేషన్ మీద ఆఫీసుకు లాగకూడదు. మంచి టీచరుకు బహుమతిగా పిల్లల్ని దూరం చేయడమేమిటో మాకు అర్థం కాదు. కొత్తగా డీఎస్సీలో ఎంపికైనవారిని రెండు వారాలు ఆ టీచరు తరగతిలో కూర్చోబెట్టండి. ఏ పని చేసినందుకు ఇచ్చారో రెండు పేజీలు స్పష్టంగా రాసి, అన్ని బడులకూ పంపండి. ఇప్పుడు చదివే ప్రశంసల్లో పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది.

ఒక బడిలో అందరూ కలిసి పనిచేస్తే ఆ బడికంతటికీ ఇవ్వొచ్చు. మహారాష్ట్రలోని సోలాపూర్ జిల్లా పరితేవాడి జిల్లా పరిషత్ బడి టీచరు రంజిత్‌సింహ్ దిసాలే 2020లో పది లక్షల డాలర్ల గ్లోబల్ టీచర్ ప్రైజ్ గెలిచి, సగం డబ్బు తనతో తుదిదాకా నిలిచిన తొమ్మిది మందికి పంచారు. పంచుకోవడం టీచర్లకు తెలుసు. నిబంధనలే ఒక్కరి పేరు అడుగుతున్నాయి.

నిబంధనలు మారేదాకా ఆగనక్కర్లేదు. ఈ ఏడాది దసరా సెలవుల్లో ఊరికి వచ్చిన పూర్వ విద్యార్థులు నలుగురు కూర్చుని, తమకు చదువు వచ్చేలా చేసిన టీచరు గురించి రెండు పేజీలు రాయండి. మంచివారు, ఓపికమంతులు అని రాస్తే చాలదు. మీకు ఏది రాకపోతే ఏం చేశారు, ఎన్నిసార్లు చేశారు, ఎవరు బడి మానేస్తే ఇంటికొచ్చారు, ఏమన్నారు, అది రాయండి. కమిటీ తీర్మానం జతచేసి కలెక్టరుకు, డీఈవోకు, ఎంఈవోకు ఒక్కో ప్రతి పంపి రసీదు తీసుకోండి. ఆ కాగితం మీద టీచరు సంతకం అడగొద్దు. ఆమెకు తెలియాల్సిన అవసరం కూడా లేదు. కాంట్రాక్టు టీచరైతే ఆ మాట పైనే పెద్దక్షరాల్లో రాయండి, కారణం చూపకుండా పక్కన పడేస్తే సమాచార హక్కు కింద అడగండి.

ఉపాధ్యాయ సంఘాల నాయకులకు ఒక మాట. పీఆర్సీ, డీఏ, బదిలీల పక్కన ఈ డిమాండునూ చేర్చండి. దరఖాస్తు పద్ధతి ఎత్తేసేదాకా మీ సంఘం తరఫున ఫైళ్లు పెట్టించడం ఆపండి.

ఈ కరపత్రం మీద ఎవరికీ హక్కులు లేవు. జెరాక్స్ తీయించుకోవచ్చు, మీ జిల్లాకు తగ్గట్టు మార్చుకోవచ్చు, గ్రామసభలో చదవొచ్చు.

ఇట్లు
కొందరు తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు, టీచర్లు