షుగరు మాత్రకి పాత చీటీ చాలదు

మన ఇళ్లల్లో షుగరు మాత్ర కూడా ఉప్పూ పప్పుల్లాగా నెలవారీ సరుకుల్లో చేరిపోయింది. నలిగిపోయిన పాత చీటీ మందుల షాపులో చూపిస్తే చాలు, నెలకి సరిపడా ఇచ్చేస్తారు. ఆ చీటీ రాసి ఎన్నేళ్లయిందో ఎవరూ చూడరు. ఈలోగా బీపీ వచ్చింది, గుండెకి స్టెంటు వేశారు, క్రియాటినిన్ పెరిగింది. ఒంట్లో ఇన్ని మారినా మాత్ర మాత్రం మారలేదు! ఇది నిర్లక్ష్యమే అంటాను నేను.

మా పక్కవాటాలో ఒక పెద్దావిడ ఉన్నారు. డెబ్భై దాటాయి. షుగరూ, కిడ్నీ జబ్బూ రెండూ ఉన్నాయి. ఏళ్ల తరబడి గ్లిబెన్‌క్లమైడ్ వాడుతున్నారు. ఒక కార్తీక సోమవారం ఉపవాసం ఉండి కూడా మాత్ర మానలేదు. సాయంత్రానికి చెమటలు పట్టి, మాట తడబడింది. "ఉపవాసం నీరసంలే" అనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కిస్తే తేరుకున్నారు. రాత్రికి షుగరు మళ్లీ పడిపోయింది. ఎందుకంటే ఆ మందు చాలాసేపు పనిచేస్తుంది. కిడ్నీలు బలహీనపడితే ఒంట్లోనే నిలిచిపోతుంది. పెద్దవాళ్లకీ, కిడ్నీ జబ్బున్నవాళ్లకీ అది వద్దని వైద్యులు చెప్పేది అందుకే.

ఇదొక్కటే కాదు. ఎంతోమందికి మేలు చేసే మెట్‌ఫార్మిన్ కూడా కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. క్రియాటినిన్‌ని బట్టి లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ 45 కన్నా తగ్గితే మోతాదు గురించి ఆలోచించాలి, 30 కన్నా తగ్గితే ఆ మందు వాడకూడదు. పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు చేరుస్తుంది కనుక గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి కూడదు. 2013 జూన్‌లో మన దేశంలో దాని అమ్మకం ఆపి, కొద్ది వారాలకే హెచ్చరికలతో మళ్లీ అనుమతించారు. ఇక బీపీకీ, గుండెకీ ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు షుగరు పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు తెలియకుండా కప్పేస్తాయి.

అలాగని భయపడి మాత్రలు మానేయమని కాదు. మానేస్తే ఆ గుండెకీ, ఆ కిడ్నీలకీ మరింత చేటు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త మందులు షుగరుతో పాటు గుండె, కిడ్నీ జబ్బులున్న చాలామందికి రక్షణగా కూడా ఉంటున్నాయి. పక్క జబ్బుని చూసి మాత్రని ఎంచాలన్నమాట.

మరి చూసేదెవరు? గుండె డాక్టరు ఒక చీటీ, షుగరు డాక్టరు ఒక చీటీ, కిడ్నీ డాక్టరు మరొకటి రాస్తారు. ఆ మూడూ కలిసేది మన అలమరలోని మందుల డబ్బాలోనే! "ఇదీ ఆడవాళ్ల నెత్తినేనా?" అని మీరు అడగొచ్చు. న్యాయమే. "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని ప్రతి డాక్టరూ అడిగి తీరాలి. అడిగేదాకా మనమే ఆ డబ్బా మొత్తం పట్టుకెళ్లి బల్లమీద పెడదాం. క్రియాటినిన్ రిపోర్టు కూడా చూపిద్దాం. ఉపవాసానికి ముందే మాత్ర సంగతి అడుగుదాం. మాట తడబడితే, మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే పంచదార నీళ్లు పట్టించి ఆస్పత్రికి తీసుకెళదాం.

ఇంకో మాట. అందరి మాత్రలూ వేళకి అందించే మనలో చాలామంది, "మావారి మాత్రే నాకూ సరిపోతుందిలే" అని సరిపెట్టుకుంటున్నాం. ఆయన గుండె వేరు, మన కిడ్నీలు వేరు. మనకీ ఒక పరీక్ష, మనకంటూ ఒక చీటీ ఉండాలి. ఆ ఖర్చు దండగ కాదు.