సిలువ ఉందా అని అడిగేది ఎవరు?



మతం ఇంటి గడప దాటకూడదని, సెక్యులర్ రాజ్యానికి దాంతో పనిలేదని మీ పత్రికలో వ్యాసకర్త రాశారు. బాగుంది. మరి మా పల్లెలో కుర్రాడు కుల ధ్రువపత్రానికి అర్జీ పెడితే, గోడమీద సిలువ ఉందా, ఆదివారం ఎక్కడికెళతారు అని ఆరా ఎందుకు? మొదట హిందువులకే పరిమితమైన 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. దళిత క్రైస్తవుడు గుమ్మం బయటే. అతన్నీ చేర్చాలని 2023 మార్చిలో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసినా అంతే. టీకొట్టు దగ్గర అతని కులం మాత్రం ఎవరూ మరిచిపోలేదు!

ఈ ఎంపిక నిన్నటిది కాదు. గుండ్లకమ్మ నది ఒడ్డున 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువులో తిండికోసమేనని వెక్కిరించేవారు, కరువు పనులు నడిచినన్నాళ్లూ మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేసిన సంగతి చెప్పరు. ఆలోచించి ఎంచుకునే హక్కు మనిషిదని చెప్పే మేధావులే, మాదిగవాడు ఎంచుకుంటే మోసపోయాడంటారు.

మాల చర్చి, మాదిగ చర్చి వేరుగా ఉన్న ఊళ్లున్నాయి; ఆ సిగ్గు మాది, దాచను. అయితే అది తప్పని చెప్పడానికి మా చేతిలో బైబిలు వాక్యముంది: దేవుడు మనిషిని తన పోలికలో చేశాడు. దాన్ని మూఢనమ్మకమని కొట్టేసిన వ్యాసకర్త, మనుషులంతా సమానమని దేన్నిబట్టి అంటున్నారో మరో వ్యాసంలో రాస్తే చదువుతాను.

– ఒక పాఠకుడు, ముండ్లమూరు