ఎలుక మీద కోపం, పిల్లల మీదికి ముప్పు

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అంటారు మన పెద్దలు. మొన్న మేము ఆ పనే చేయబోయాం.

మేము గల్ఫ్‌లో ఒక స్కూలు ఆఫీసులో గుమస్తాలం. వేసవి సెలవుల తర్వాత స్టోర్ రూము తెరిస్తే రిజిస్టర్లన్నీ కొరికేసి ఉన్నాయి. క్యాంటీన్ వెనకాల ఎలుక పెంటికలు. తెలిసినాయన ఒకరు, ధాన్యం గోడౌన్లలో వాడే బిళ్ళలు తెస్తాను, ఒక్క రాత్రిలో పీడ పోతుంది అన్నారు. మేమూ తలూపాం. మాలో ఒకతను మాత్రం అడ్డుపడ్డాడు. వాళ్ళది వ్యవసాయ కుటుంబం.

ఆ బిళ్ళ అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. అది సందుల గుండా పక్క గదికీ పాకుతుంది. దానికి విరుగుడు మందు లేదు. రూముల్లో నల్లులకని దొంగచాటుగా ఈ బిళ్ళలు పెట్టే అన్నదమ్ములు కూడా ఈ మాట వినాలి.

2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. మన పత్తి రైతులకు బాగా తెలిసిన మందే అది. పిల్లలుండే చోట విషం నిల్వ ఉంటే ఏ చేతి పొరపాటు ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు?

చివరికి లైసెన్సు ఉన్న కంపెనీని పిలిపించాం. వచ్చిన మనిషి మందు తీయలేదు, టార్చిలైటు తీశాడు. చిట్టెలుక దూరడానికి ఆరు మిల్లీమీటర్ల సందు చాలు, అంటే పెన్సిలు పట్టేంత. పైపుల చుట్టూ స్టీలు పీచు కుక్కి సిమెంటు పూయించాడు. తలుపుల కింద పట్టీలు, చెత్త డబ్బాలకు మూతలు పెట్టించాడు. ఎలుక గోడ వెంటే నడుస్తుంది కనుక బోనులు గోడవారగా, పిల్లల చేతికి అందకుండా పెట్టాడు. పెంటికలు పొడిగా ఊడవొద్దని, బ్లీచింగ్ నీళ్ళతో తడిపి తుడవమని ఆయాలకు చెప్పాడు. ఊళ్ళో వ్యవసాయాధికారులు చెప్పే సమగ్ర సస్యరక్షణ సూత్రమే ఇది. ముందు కారణం వెతకాలి, మందు ఆఖరున.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. తినగా మిగిలిన టిఫిను బ్యాగులో, డెస్కులో వదలొద్దని పిల్లలకు చెప్పండి. ఏ మందు కొడుతున్నారు, ఎప్పుడు కొడుతున్నారు అని స్కూల్లో అడగండి. ఆ కౌంటరు వెనక కూర్చునేది మేమే. ఫీజు గడువు అడిగేవాళ్ళు రోజూ వస్తారు. ఈ మాట అడిగినవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ రాలేదు.